అతుకులోనే పనితనం

పెంతెకొస్తు సంఘం ఒకటి మొదలుకావడానికి ఏమేం కావాలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఠాణే నుంచి పాత ఆగ్రా రోడ్డు మీద ఉల్హాస్ ఖాడీ వంతెన దాటగానే వచ్చే కాశేలినే తీసుకుందాం. అటు గోదాములు, ఇటు భివండి సాంచాల (మరమగ్గాల) షెడ్లు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి తరాలుగా బతుకుతెరువుకు వచ్చిన తెలుగువాళ్లకు ఈ ప్రాంతం కొత్త కాదు. ఇలాంటి చోట నాలుగైదు కుటుంబాలు ఆదివారం కూడుకోవాలనుకుంటే వాళ్లకు కావలసినవి ఒక గది, పరచడానికి చాపలు, ఒక తెలుగు బైబిలు, నోటికి వచ్చిన పాటలు, ఒక రొట్టె, కాస్త ద్రాక్షరసం, ప్రార్థన నడిపించగల ఒక మనిషి. గోపురం అక్కర్లేదు, గంట అక్కర్లేదు. అచ్చేసిన ఆరాధన క్రమం లేకపోయినా సాగిపోతుంది.

ఇంత తక్కువ సరంజామాతో సంఘం నిలబడడం అనుకోకుండా జరిగింది కాదు. ఏది ఉంచాలి, ఏది వదిలేయాలి అని కొందరు తలబద్దలుకొట్టుకుని తేల్చిన ఫలితం అది. ఆ పనితనం వివరంగా చూడాలంటే ఇండియన్ పెంతెకొస్తు దేవుని సంఘం, వాడుకలో ఐ.పి.సి., మంచి ఉదాహరణ. మన దేశంలో విదేశీ మిషను చేతికింద కాకుండా సొంతంగా ఎదిగిన పెంతెకొస్తు సంఘాల్లో అతి పెద్దవాటిలో అదొకటి. పుట్టింది కేరళలో. చట్టబద్ధంగా పేరు నమోదైంది మాత్రం మన ఏలూరులో.

ముందు విశ్వాసపు భాగాలను విడివిడిగా చూద్దాం. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే త్రిత్వం, బైబిలు దైవప్రేరితమన్న నమ్మకం, క్రీస్తు సిలువ మరణం వల్లనే రక్షణ, ఆయన రెండో రాకడ: ఇవన్నీ ఐ.పి.సి.కి మిగతా ప్రొటెస్టెంటు సంఘాలతో ఉమ్మడి. తేడా మొదలయ్యేది ఈ విశ్వాసం మనిషిలోకి ఎలా దిగుతుందన్న దగ్గర. దానికి వాళ్లు ఒక వరుస పెట్టారు. మొదట మారుమనస్సు, ఆ తర్వాత నీటి బాప్తిస్మం, దాంతోపాటు ఆత్మ బాప్తిస్మం, ఆపైన పరిశుద్ధంగా సాగే జీవితం. ఇందులో ప్రతి మెట్టూ మనిషి తానుగా ఎక్కాల్సిందే. అతని తరఫున ఇంకొకరు ఎక్కే వీలు ఎక్కడా లేదు.

నీటి బాప్తిస్మం చూడండి. లూథరన్, సి.ఎస్.ఐ. సంఘాల్లో పసిబిడ్డకు నీళ్లు చల్లి బాప్తిస్మం ఇస్తారు. ఇక్కడ అది చెల్లదు. తెలివి వచ్చిన మనిషి తన నోటితో విశ్వాసం ఒప్పుకోవాలి, పూర్తిగా నీళ్లలో మునగాలి. తెల్లబట్టలు కట్టుకున్న విశ్వాసి నడుముల్లోతు నీళ్లలోకి దిగుతాడు. పక్కన పాస్టరు నిలబడి అందరూ వినేలా ప్రశ్నలు అడుగుతాడు. జవాబులు అయ్యాక ఒక చేయి వీపు వెనక ఆనించి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరు చెప్పి, తల కూడా కనబడకుండా వెనక్కి ముంచి లేపుతాడు. ఒడ్డున ఉన్నవాళ్లు పాట అందుకుంటారు. మునగడం పాత జీవితం పాతిపెట్టడానికి గుర్తు, లేవడం కొత్త జీవితానికి గుర్తు. గోదావరి డెల్టాలో దీనికి స్థలం వెతుక్కోవాల్సిన పని ఎప్పుడూ రాలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఊరూరా పారిన కాలువలు చాలు.

ఈ ఒక్క నియమం సంఘం స్వరూపాన్నే మార్చేస్తుంది. పుట్టుకతో ఎవరూ సభ్యులు కారు. పాస్టరు కొడుకైనా సరే, ఒకరోజు నిర్ణయించుకుని నీళ్లలోకి దిగాలి. కాబట్టి సంఘం ప్రతి తరంలోనూ తనను తాను మళ్లీ పోగుచేసుకోవాలి. పేరుకు సభ్యులై పండగనాడు మాత్రమే కనబడేవాళ్ల సంఖ్య ఇలాంటి చోట తక్కువగా ఉండడానికి కారణం ఇదే. కొత్తవాళ్లను వెతుక్కుంటూ వెళ్లే అలవాటు పోకపోవడానికీ ఇదే కారణం.

ఆత్మ బాప్తిస్మం ఇంకా ఆసక్తికరం. యేసు ఆరోహణం తర్వాత యెరూషలేములో శిష్యుల మీదికి పెంతెకొస్తు పండుగనాడు ఆత్మ దిగివచ్చిందని అపొస్తలుల కార్యములు చెబుతుంది. అదే అనుభవం ఈనాటి విశ్వాసికీ దొరుకుతుందని, దానికి తొలి గుర్తు తాను నేర్వని భాషలో మాట్లాడడమని పెంతెకొస్తులు నమ్ముతారు. దానికోసమే ఎదురుచూస్తూ కనిపెట్టు కూడికలు పెడతారు. ఉపవాసం ఉండి, మోకాళ్ల మీద, కొన్నిసార్లు తెల్లవార్లూ ప్రార్థిస్తారు. అన్యభాషలు వేదశాస్త్రం చదివినవాడికే రావాలని లేదు. అక్షరం రాని కూలీకి రావచ్చు, ఇంటిపని చేసుకునే అమ్మకు రావచ్చు. పట్టా ఉన్నవాడికీ లేనివాడికీ సంఘంలో ఒకే నేల దొరికింది ఇక్కడే.

అలాగని దీన్ని అదుపు లేకుండా వదల్లేదు. కొరింథు సంఘానికి పౌలు రాసిన జాగ్రత్తలను కట్టుబాట్లుగా తీసుకున్నారు. కూడికలో ఒకరు అన్యభాషలో సందేశం చెబితే దాని అర్థం చెప్పేవాళ్లు ఉండాలి. లేకపోతే ఆ మనిషి తనలో తాను ప్రార్థించుకోవాలి. ప్రవచనం పలికితే పెద్దలు దాన్ని వాక్యంతో పోల్చి చూడాలి. అంటే ఎవరైనా మాట్లాడవచ్చు, కానీ మాట్లాడినదల్లా నిలవదు. ఆవేశానికి చోటిచ్చి, ఆ ఆవేశాన్ని తూచే పనిని పదిమందికి అప్పగించిన ఈ ఏర్పాటులో చాలా లోకజ్ఞానం ఉంది.

స్వస్థత కూడా వాళ్ల విశ్వాసంలో ముఖ్యమైన భాగం. రోగి తలకు నూనె రాచి, పెద్దలు చేతులుంచి ప్రార్థిస్తారు. తొలినాళ్లలో మందులే ముట్టమని పట్టుబట్టిన విశ్వాసులు ఉండేవారు. ఇప్పుడు ఆసుపత్రికి వెళ్తూనే ప్రార్థన చేయించుకోవడం మామూలు. ఇక వేషం సంగతి. చాలామంది విశ్వాసులు నగలు పెట్టుకోరు. ఆదివారం తెల్లచీర, తెల్లచొక్కా. ఎవరి మెడలో ఎన్ని తులాలున్నాయో తెలియని గదిలో ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే చాప మీద కూర్చోవడం తేలికవుతుంది.

ఈ భాగాలన్నీ ఒకచోట కలిసి కదిలేది ఆదివారం ఉదయం. ముందు పాటలు, చప్పట్లు, డోలక్, ఎక్కడైనా ఉంటే కీబోర్డు. తర్వాత అందరూ ఒకేసారి గొంతెత్తి చేసే ప్రార్థన. బయటివాడికి అది గోలగా వినబడుతుంది. లోపల ఉన్నవాడికి తన గొంతు పక్కవాడి గొంతులో కలిసిపోతుంది కాబట్టి సిగ్గు పోతుంది. ఆ తర్వాత సాక్ష్యాలు. ఒకరి తర్వాత ఒకరు లేచి, వారంలో ఏం జరిగిందో, ఏ కష్టంలో ఏ ప్రార్థనకు జవాబు వచ్చిందో చెబుతారు. పది మంది ముందు నిలబడి మాట్లాడే అవకాశం జీవితంలో ఇంకెక్కడా దొరకని మనుషులకు ఇది వారం వారం దొరుకుతుంది. తర్వాత వాక్యం. చివర ప్రభువు బల్ల: రొట్టె విరిచి, రసం పంచి, బాప్తిస్మం పొందినవాళ్లు మాత్రమే తీసుకుంటారు. ఎవరు లోపలివారో, ఎవరు ఇంకా వాకిట్లో ఉన్నారో తెలిసేది అక్కడే.

వారం మధ్యలో పని ఇళ్లకు మారుతుంది. కుటుంబ ప్రార్థనలు, స్త్రీల కూడిక, ఉపవాస ప్రార్థన, పిల్లల సండే స్కూలు, యువకులకు పి.వై.పి.ఎ. అనే యువజన విభాగం. పాస్టరును ‘అయ్యగారు’ అని, ఆయన భార్యను ‘అమ్మగారు’ అని పిలుస్తారు. ఆ అమ్మగారి పని కొలతకు అందదు. ఎవరింట్లో గొడవ, ఎవరికి నెల తప్పింది, ఎవరి పిల్లవాడు బడి మానేశాడు అన్నది ముందు తెలిసేది ఆమెకే. ఖర్చులు దశమభాగాల మీద, కానుకల మీద నడుస్తాయి. సంఘం తన కాపరిని తానే పోషించాలన్నది మొదటి నుంచీ ఉన్న సూత్రం.

ఆ సూత్రం ఎందుకంత గట్టిగా పట్టుకున్నారో తెలియాలంటే చరిత్రలోకి వెళ్లాలి. ఆ చరిత్రలో మొదటి వెలుగు మహారాష్ట్రలోనే ఉంది. పుణె జిల్లా కేడ్‌గావ్‌లో పండిత రమాబాయి నడిపిన ముక్తి మిషన్‌లో 1905 జూన్‌లో ప్రార్థనా ఉజ్జీవం రేగింది. కరువుల్లో, వైధవ్యంలో దిక్కులేనివాళ్లై అక్కడ చేరిన ఆడపిల్లలే దానికి కేంద్రం. పెంతెకొస్తు ఉద్యమానికి పుట్టిల్లుగా చెప్పుకునే లాస్ ఏంజిలిస్ అజూసా వీధి కూడికలు విలియం సేమూర్ నాయకత్వంలో 1906లో మొదలయ్యాయి. ముక్తి అంతకంటే ముందుది. అక్కడ పనిచేసిన మిన్నీ ఏబ్రమ్స్ ఆ అనుభవాల మీద రాసిన చిన్న పుస్తకం చిలీ దేశానికి చేరింది. 1909లో అక్కడ పెంతెకొస్తు ఉద్యమం పుట్టడానికి అదొక కారణమైంది. పుణె దగ్గరి పల్లె నుంచి దక్షిణ అమెరికాకు సాగిన ఈ దారిని గుర్తుపెట్టుకుంటే, పెంతెకొస్తు అంటే అమెరికా సరుకు అన్న మాట సగమే నిజమని తేలుతుంది.

కేరళలో 1909లో జార్జి బెర్గ్, 1913 తర్వాత రాబర్ట్ కుక్ అనే విదేశీ మిషనరీలు పనిచేశారు. కుక్‌తో చేరినవారిలో కె.ఇ. అబ్రహాం ఒకరు. 1899లో పుట్టిన ఈ బడిపంతులు సిరియన్ క్రైస్తవ సంప్రదాయం నుంచి వచ్చినవాడు. పెంతెకొస్తు కాకముందే విశ్వాసుల బాప్తిస్మం తీసుకున్నాడు. 1923లో ఆత్మ బాప్తిస్మం పొందాడు. కుక్, అబ్రహాంల మధ్య విభేదం వచ్చింది సిద్ధాంతం మీద కాదు, అధికారం మీద. స్థానికులు సొంత కష్టంతో కట్టుకున్న మందిరం ఎవరి పేరున ఉండాలి? కాపరిని ఎవరు నియమించాలి? జీతం ఎవరి చేతి నుంచి రావాలి? జీతమిచ్చే చెయ్యి దేశం బయట ఉంటే నిర్ణయమూ బయటే ఉంటుందని అబ్రహాం గ్రహించాడు. 1930లో విడిపోయాడు. సిలోన్ పెంతెకొస్తు మిషన్ నాయకుడు పాస్టర్ పాల్ చేతుల మీదుగా అభిషేకం పొందాడు. అదే ఏడాది కుంబనాడులో హెబ్రోను బైబిలు పాఠశాల మొదలైంది. కుక్ సంఘం తర్వాత అమెరికాలోని క్లీవ్‌లాండ్ చర్చ్ ఆఫ్ గాడ్‌తో కలిసింది. అబ్రహాం వర్గం సొంతకాళ్ల మీద నిలబడింది.

ఇప్పుడు తెలుగు నేలకు వద్దాం. అబ్రహాం సహచరుడు పి.ఎం. శామ్యూల్ 1930ల తొలినాళ్లలో గోదావరి జిల్లాలకు వచ్చి అంతర్వేదిపాలెం, ఏలూరు ప్రాంతాల్లో పని ప్రారంభించాడు. మలయాళీ బోధకుడు తెలుగు పల్లెలో ఇంత తొందరగా నిలదొక్కుకోవడం మొదటిచూపుకు వింతగా ఉంటుంది. సాంచా పని తెలిసినవాళ్లకు వింత అనిపించదు. పాత భీములో (పడుగు చుట్టిన కడ్డీలో) నూలు అయిపోవస్తే కొత్త భీము ఎక్కిస్తారు. వైపని చేసే మనిషి పాత పోగుల కొసలకు కొత్త పోగుల మొనలను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతాడు. అప్పుడు అచ్చులోంచి వేల పోగులు మళ్లీ దూర్చే పని తప్పుతుంది. కానీ ఒక షరతు: పోగుల లెక్క రెండు వైపులా సరిపోవాలి. గోదావరి ఒడ్డున ఆ లెక్క ముందే సరిపోయి ఉంది.

ఎలాగంటే, 1836లో ఇంగ్లాండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురం కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ నెలకొల్పారు. వాళ్లు బ్రదరన్ పద్ధతివాళ్లు. పసిబిడ్డలకు కాక విశ్వాసులకే బాప్తిస్మం, ప్రతి ఆదివారం రొట్టె విరవడం, బిషప్పు లేని స్థానిక సంఘం వాళ్ల ముఖ్య లక్షణాలు. కేరళలో అబ్రహాం పెంతెకొస్తులోకి రాకముందు నడిచింది కూడా అలాంటి దారిలోనే. అంటే గోదావరి తీరంలో దాదాపు వందేళ్లుగా అలవాటైన వాటిని శామ్యూల్ మార్చనక్కర్లేదు. వాటికి ఆత్మ బాప్తిస్మాన్ని, స్వస్థతను, గొంతెత్తిన ప్రార్థనను జోడిస్తే చాలు. మాలపల్లెల్లో, మాదిగవాడల్లో ఈ జోడింపు ఎక్కువగా పట్టింది. పెద్ద మిషన్ల చర్చిల్లో వెనక వరుసలో కూర్చున్నవాడికి ఇక్కడ లేచి సాక్ష్యం చెప్పే వంతు వచ్చింది.

1934లో సంఘానికి ఇండియన్ పెంతెకొస్తు దేవుని సంఘం అన్న పేరు వచ్చింది. 1935లో ఏలూరులో, 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద దాన్ని నమోదు చేశారు. కేరళ సంఘానికి ఏలూరు ఎందుకు? అప్పట్లో కుంబనాడు తిరువాన్కూరు సంస్థానంలో ఉంది. ఏలూరు మద్రాసు ప్రెసిడెన్సీలో, 1925లో ఏర్పడిన పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రంగా ఉండేది. దేశమంతటికీ చెందాల్సిన సంఘానికి బ్రిటిష్ ఇండియా చట్టం కిందికి వచ్చే ఊరు కావాలి, అక్కడ తమ మనుషులు ఉండాలి. ఏలూరులో రెండూ ఉన్నాయి.

నమోదు అనగానే గుమాస్తా పని అనిపిస్తుంది కానీ సంఘం శరీరంలో వెన్నెముక అదే. సొసైటీకి నియమావళి ఉంటుంది, పాలకవర్గం ఉంటుంది. స్థలం, మందిరం సొసైటీ ఆస్తిగా ఉంటాయి కనుక పాస్టరు చనిపోయినా, మారిపోయినా అవి అతని కొడుకుల వాటాలోకి పోవు. కుక్‌తో తలెత్తిన ప్రశ్నకు అబ్రహాం, శామ్యూల్ ఉపదేశంలో కాకుండా దస్తావేజులో జవాబు రాశారు.

మొత్తం కట్టడాన్ని ఇప్పుడు ఒకసారి చూడవచ్చు. అడుగున స్థానిక సంఘం: తన లోపలి వ్యవహారాలు తానే చూసుకుంటుంది. కొన్ని సంఘాలు కలిస్తే ఒక సెంటరు, దానికి ఒక సెంటర్ పాస్టరు. దానిపైన రాష్ట్ర కౌన్సిల్, అన్నిటిపైన జనరల్ కౌన్సిల్. ఈ కౌన్సిళ్లలో పాస్టర్లతోపాటు మామూలు విశ్వాసుల ప్రతినిధులూ ఎన్నికై కూర్చుంటారు. పైమెట్టు చేతిలో ఉంచినవి కొన్నే: సిద్ధాంతం, పాస్టర్ల అభిషేకం, ఆస్తి, క్రమశిక్షణ. మిగతాదంతా కింద వదిలేశారు. చట్టం కలపలేని మనసులను కలపడానికి కన్వెన్షన్లు ఉన్నాయి. ఏటా జనవరిలో కుంబనాడు పందిళ్ల కింద కూడే మహాసభల్లో మారుమూల నుంచి వచ్చిన విశ్వాసి తన పదిమంది కూడిక ఎంత పెద్ద కుటుంబంలో భాగమో కళ్లారా చూస్తాడు.

ఈ కట్టడంలో లోపం లేదని కాదు. ఎన్నిక ఉన్నచోట పోటీ ఉంటుంది, ఆస్తి ఉన్నచోట వ్యాజ్యం ఉంటుంది. ఐ.పి.సి. చరిత్రలో నాయకుల తగాదాలు, కోర్టు కేసులు, విడిపోయిన వర్గాలు అన్నీ ఉన్నాయి. అయితే పైన తగవు ఎంత ముదిరినా, కింద ఆదివారం ఉదయం రొట్టె విరవడం ఆగదు. ఆ రొట్టెకు పైనుంచి అనుమతి అవసరం లేకుండా మొదటే ఏర్పాటు చేశారు మరి. ఆంధ్ర, తెలంగాణల్లో ఊరికొకటిగా కనిపించే స్వతంత్ర పెంతెకొస్తు సంఘాల్లో చాలావాటి ఆరాధన తీరు చూస్తే ఇదే అచ్చు. పేరు పంచుకోనివాళ్లు కూడా పద్ధతి పంచుకున్నారు.

వలస వెళ్లినవాళ్లతో ఈ పద్ధతి సులువుగా ప్రయాణం చేయడానికి కారణం కూడా ఇదే. గల్ఫ్ దేశాల్లో పనిచేసే తెలుగు, మలయాళీ విశ్వాసులు శుక్రవారం కూడుకునే అలవాటు చేసుకున్నారు, చాలాచోట్ల సెలవు ఆరోజే కనుక. రెండు వేల ఏళ్లుగా క్రైస్తవులు పట్టుకున్న ఆదివారాన్నే అవసరాన్ని బట్టి మార్చుకోగలిగారు. భాష మారింది, గది మారింది, పాటల వరుస మారింది. మునిగే బాప్తిస్మం మారలేదు, ప్రభువు బల్ల మారలేదు, లేచి నిలబడి సాక్ష్యం చెప్పే హక్కు మారలేదు. ఏది సడలించవచ్చో, ఏది సడలిస్తే మొత్తం ఊడిపోతుందో ఇంత స్పష్టంగా తెలిసి ఉండడమే ఆ తొలితరం కట్టినవాళ్ల అసలు నేర్పు.